ఏరియా ముందు, ఇల్లు తర్వాత

హైదరాబాద్‌కు బదిలీ అయింది. లేదా కొత్త ఉద్యోగం వచ్చింది. లేదా పిల్లల చదువుల కోసం మీరే కదలాలనుకున్నారు. కారణం ఏదైనా, సంగతి బంధువులకు తెలిసిన మర్నాటి నుంచే సలహాలు మొదలవుతాయి. "కూకట్‌పల్లి అయితే అంతా మనవాళ్లే" అంటాడు బావమరిది. "మణికొండలో తీసుకోరా, ఆఫీసుకు దగ్గర" అంటాడు స్నేహితుడు. "వనస్థలిపురం ప్రశాంతంగా ఉంటుంది, ఊరికి వెళ్లి రావడానికీ తేలిక" అంటుంది పిన్ని. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఎవరి జీవితానికి సరిపోయింది వాళ్లు చెబుతున్నారు. మరి మీ ఇంటికి ఏది సరిపోతుంది?

చాలామంది ఇల్లు వెతకడం సంపాదించే మనిషి ఆఫీసు దగ్గర మొదలుపెడతారు. అది సహజమే. అయితే ఒక్క మాట ఆలోచించండి. ఆఫీసుకు వెళ్లే మనిషి పగలంతా ఆ ఏరియాలో ఉండడు. అతనికి బండి ఉంటుంది, లేదంటే ఆఫీసు క్యాబ్ వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉండేది పెద్దవాళ్లు. బండి నడపడం రాని ఇల్లాలు. సాయంత్రం నాలుగింటికి బడి నుంచి వచ్చే పిల్లలు. ఏరియా బాగోగులు అనుభవించేదీ, బాగోలేకపోతే ఇబ్బంది పడేదీ ఎక్కువగా వీళ్లే.

అందుకే ఈ అధ్యాయమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: మీ ఇంట్లో సొంతంగా బండి తీయలేని మనిషికి నప్పే ఏరియాయే మీ ఏరియా. ఈ సూత్రాన్ని ఎలా అమలు చేయాలో ఇక చూద్దాం. ఉదాహరణలు హైదరాబాద్‌వి ఇస్తున్నాను. బెంగళూరు వెళ్లినా, విశాఖ వెళ్లినా అడుగులు ఇవే.

1. ముందు ఇంటిల్లిపాది దినచర్య కాగితం మీద పెట్టండి

రాజమండ్రి నుంచి ఒక కుటుంబం వస్తోందనుకుందాం. భర్తకు కోఠిలో బ్యాంకు ఉద్యోగం. భార్య ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడు. అత్తగారికి డెబ్బై ఏళ్లు, షుగర్ ఉంది, పొద్దున్నే గుడికి వెళ్లకపోతే ఆవిడకు రోజు మొదలైనట్టు ఉండదు.

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో పేరు. రెండో గడిలో వారంలో ఎక్కడెక్కడికి వెళ్లాలి: బడి, గుడి, డాక్టరు, సంగీతం క్లాసు, కూరగాయలు. మూడో గడిలో ఎలా వెళ్తారు: నడిచా, బస్సులోనా, ఎవరైనా దింపాలా? "ఎవరైనా దింపాలి" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో దాని కింద గీత గీయండి. ఆ గీతలన్నీ కలిస్తే మీ ఇంటి అసలు అవసరం బయటపడుతుంది. పై కుటుంబంలో భర్త బ్యాంకు కింద ఒక్క గీత కూడా పడదు. అత్తగారి పేరు ఎదురుగా నాలుగు పడతాయి.

ఇంట్లో ప్రతి ఒక్కరినీ "ఇది లేకపోతే నాకు కుదరదు" అనిపించే ఒక్క విషయం చెప్పమనండి. పిల్లలనూ అడగండి. వాళ్లడిగినవన్నీ దొరక్కపోవచ్చు. కానీ తమ మాట ఎవరో విన్నారనుకున్న పిల్లలు కొత్త ఊళ్లో త్వరగా కుదురుకుంటారు.

2. దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకండి

"ఆఫీసు తొమ్మిది కిలోమీటర్లే" అంటే ఆదివారం పొద్దున ఇరవై నిమిషాలు. సోమవారం తొమ్మిదింటికి? అదే దారిలో గంట పట్టవచ్చు. అందుకే నిమిషాల్లో లెక్కపెట్టండి, అదీ రద్దీ వేళ నిమిషాల్లో.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) అని మూడు మార్గాలున్నాయి. రోడ్డు మీద చూస్తే మియాపూర్ హైటెక్ సిటీకి దగ్గర, ఉప్పల్ దూరం. మెట్రోలో వెళ్లేవాళ్లకు లెక్క వేరు. మియాపూర్ నుంచి బయల్దేరితే అమీర్‌పేటలో దిగి మరో రైలు ఎక్కాలి. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక వాళ్లు ఎక్కిన రైల్లోనే హైటెక్ సిటీలో దిగుతారు. భార్యాభర్తల్లో ఒకరికి రాయదుర్గం, మరొకరికి సికింద్రాబాద్ అయితే ఈ నాగోల్–రాయదుర్గం మార్గం మీది ఏరియాలు ఇద్దరికీ సరిపోతాయి. లింగంపల్లి వైపు చూసేవాళ్లకు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఉన్నాయి, కానీ మీ వేళకు రైలు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకో చిన్న పరీక్ష. స్టేషన్ నుంచి ఇంటి గుమ్మం దాకా ఎలా వెళ్తారు? రాత్రి ఎనిమిదిన్నరకు షేర్ ఆటో దొరుకుతుందా? ఆ దారిలో లైట్లు వెలుగుతున్నాయా? స్టేషన్ దగ్గరే ఉన్నా చివరి కిలోమీటరు చీకటిదైతే, ఆలస్యంగా వచ్చే అమ్మాయి కోసం ఇంట్లో ఎవరో ఒకరు రోజూ బండి తీయాల్సి వస్తుంది.

3. బడి కుదిరాకే ఇంటికి అడ్వాన్సు ఇవ్వండి

ఇల్లు తీసుకుని తర్వాత బడి వెతికితే, మంచి బడి పది కిలోమీటర్ల అవతల దొరుకుతుంది. అప్పుడు పిల్లవాడు ఆరున్నరకే బస్సెక్కాలి. అందుకే ముందు రెండు మూడు బళ్లు అనుకోండి. మీ పిల్లల తరగతిలో సీటు ఉందో లేదో కనుక్కోండి. ఆ తర్వాత వాటి చుట్టూ ఇల్లు చూడండి.

బడిలో ఫీజు ఒక్కటే అడిగి వచ్చేయకండి. మా కాలనీ నుంచి వచ్చే బస్సులో మొదట ఎక్కే పిల్లవాడు ఎన్నింటికి ఎక్కుతాడు? సాయంత్రం ఆఖరున దిగేది ఎవరు? స్టాపు సందు మొదట్లోనా, మెయిన్ రోడ్డు అవతలా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు బ్రోచర్ చెప్పనివన్నీ చెబుతాయి.

ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు వచ్చేవాళ్లు మరో విషయం గుర్తుంచుకోవాలి. తెలంగాణలో వైద్య కోర్సుల ప్రవేశాలకు స్థానికత తేల్చేటప్పుడు, ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివారా అన్నది ముఖ్యమైన షరతు. అంటే తొమ్మిదో తరగతి నుంచి లెక్క మొదలవుతుంది. పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే తాజా నిబంధనలు చదివి, కదలాల్సిన సంవత్సరం ఏదో నిర్ణయించుకోండి. ఇక్కడ ఒక్క ఏడాది తేడా కూడా చిన్నది కాదు.

4. ఏప్రిల్‌లో నీళ్లు ఎలా వస్తాయో అడగండి

వానాకాలంలో చూసిన ఇంట్లో ఏ కుళాయి తిప్పినా నీళ్లొస్తాయి. ఎండాకాలం సంగతేమిటి? జలమండలి నీళ్లు, అందరూ మంజీరా నీళ్లనే పిలిచేవి, కాలనీకి వస్తాయా, వస్తే రోజు విడిచి రోజా, ఎంతసేపు? శివార్లలో ఎన్నో అపార్ట్‌మెంట్లు బోర్ల మీదే బతుకుతాయి. బోరు ఎండిందంటే ట్యాంకరే గతి.

ఈ ప్రశ్న ఇంటి యజమానిని అడిగితే "మాకు నీళ్లకు కొదవే లేదు" అనే అంటారు. వాచ్‌మన్‌ను అడగండి. "పోయిన ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి? ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?" అని సూటిగా అడగండి. వీలైతే ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదులు చూపించమనండి. జనవరిలో 2,500 ఉన్న మెయింటెనెన్స్ మేలో 4,500 అయిందంటే కారణం వెతకనక్కర్లేదు.

బాత్రూమ్‌లోకి వెళ్లి షవర్ దగ్గరగా చూడండి. రంధ్రాల చుట్టూ, కుళాయి మూతి దగ్గర తెల్లటి గార పట్టి గట్టిపడి ఉందా? గోరుతో గీకితే పొడిలా రాలుతోందా? అవి ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు. పప్పు ఉడకదు, గీజరు త్వరగా పాడవుతుంది, తాగడానికి వేరే నీళ్లు కొనాలి. అలా ఉందని ఇల్లు వదిలేసుకోవాలని కాదు, ఆ ఖర్చు కూడా అద్దెలో కలిపి చూసుకోవాలి.

5. వాన పడితే ఏమవుతుందో గోడలనడగండి

హైదరాబాద్‌వి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే నీళ్లు కింది చెరువులోకి పోవాలి. ఆ పోయే దారిలో కాలనీలు లేచాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు టోలిచౌకి నదీం కాలనీ లాంటి చోట్ల నీళ్లు ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి తగ్గలేదు. ఎండాకాలంలో ఆ వీధుల్లో నడిచినవాళ్లకు అలాంటిదొకటి జరుగుతుందని తోచనైనా తోచదు.

మీరేం చూడాలి? కాలనీ పేరులో కుంట, చెరువు ఉంటే ఆ చెరువు ఇప్పుడెక్కడుందో మ్యాపులో వెతకండి. సెల్లార్‌లోకి దిగి గోడలు చూడండి. మోకాలెత్తున అడ్డంగా ఒక మరక, దాని కింద సున్నం పెచ్చులూడటం కనిపిస్తే నీళ్లు అంతదాకా వచ్చాయని అర్థం. ఆ వీధిలో గేట్లన్నిటికీ కింద కొత్తగా సిమెంటు కట్టలు పోశారా? మందుల షాపు వాళ్లు కింది అరలు ఖాళీగా వదిలేశారా? వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషినడగండి. ఏ ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్లొచ్చాయో వేళ్ల మీద లెక్క చెబుతారు.

కొనాలనుకునేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. దాని చుట్టూ బఫర్ జోన్ ఉంటుంది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. ఆ పరిధిలో కట్టడాలకు అనుమతి ఉండదు. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ 2024లో ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతల గురించి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ దగ్గర చెరువుల హద్దుల పటాలున్నాయి. అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు పట్టుకుని వాటిని చూడండి.

6. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నడవండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. ఇంటి గుమ్మం నుంచి పావుగంట నడకలో ఏమేమున్నాయి? పాలు, కూరగాయలు, మందుల షాపు, ఒక మామూలు డాక్టరు, గుడో మసీదో చర్చో, కూర్చోడానికి బెంచీ ఉన్న పార్కు, బస్ స్టాపు. ఈ ఏడింటిలో ఐదైనా ఉంటే మీ పెద్దవాళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతారు.

మీరొక్కరే నడిచి "దగ్గరే" అనేసుకోకండి. మీ అమ్మగారిని తీసుకెళ్లండి. రోడ్డు దాటేచోట ఆవిడ ఎంతసేపు ఆగారు? ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టి ఉంటే రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందా? కుక్కల గుంపును చూసి వెనక్కి తిరిగారా? మీకు ఐదు నిమిషాల దారి ఆవిడకు వెళ్లలేని దారి కావచ్చు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. నార్సింగి, తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో లిఫ్టు, జనరేటరు, పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు నడక దారి అన్నీ ఉంటాయి. గేటు దాటితే మాత్రం చాలాచోట్ల బండి లేకుండా పని జరగదు. నల్లకుంట, విద్యానగర్, తార్నాక లాంటి పాత ఏరియాల్లో కార్ల పార్కింగు ఇరుకు, కొన్ని భవనాలకు లిఫ్టు ఉండదు. కానీ వీధిలోకి వస్తే అన్నీ చేతికందుతాయి. ఏది మేలు? మోకాళ్ల నొప్పులున్న అమ్మకు లిఫ్టు లేని మూడో అంతస్తు వద్దు. రోజూ నలుగురితో మాట్లాడనిదే తోచని నాన్నకు ఊరవతలి పద్దెనిమిదో అంతస్తు వద్దు. మీ ఇంట్లో ఉన్న మనిషిని బట్టి తేల్చుకోండి.

7. సొంతూరి దారి ఎటుందో చూడండి

ఏడాదిలో ఎన్నిసార్లు ఊరెళ్తారు? సంక్రాంతికి, పెళ్లిళ్లకు, పొలం పనికి, అమ్మానాన్నలు అక్కడే ఉంటే నెలకోసారి. విజయవాడ వైపు వెళ్లేవాళ్లకు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ అనుకూలం. వరంగల్ వాళ్లకు ఉప్పల్, బోడుప్పల్. కరీంనగర్ వాళ్లకు అల్వాల్. నిజామాబాద్ వాళ్లకు కొంపల్లి. కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్లకు అత్తాపూర్, ఆరాంఘర్ వైపు. రైలు మీద ఆధారపడే కాకినాడ, తిరుపతి వాళ్లకు లింగంపల్లి కూడా నప్పుతుంది, గౌతమి, నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లు అక్కడి నుంచే బయల్దేరతాయి. పండగ ముందురోజు సాయంత్రం నగరం ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికే రెండు గంటలు పోవచ్చు. రాత్రివేళ ఊరి నుంచి ఫోనొస్తే ఎంత త్వరగా బయల్దేరగలరన్నదీ ఇందులోనే ఉంది.

8. అద్దె చూసి మురిసిపోకుండా మొత్తం ఖర్చు వేయండి

ఉదాహరణకు రెండు ఇళ్లు చూశారు. మెట్రోకు దగ్గరున్న ఇంటికి అద్దె 24,000. శివారు ఇంటికి 17,000. ఏడు వేలు మిగులుతాయనిపిస్తుంది. ఇప్పుడు మిగతావి కలపండి. శివారు ఇంటికి పెట్రోలు 4,500, బడి బస్సుకు అదనంగా 1,500, ట్యాంకర్ల వాటా 1,500. మొత్తం 24,500. దగ్గరి ఇంటికి మెట్రో ఖర్చు 1,500 కలిపితే 25,500. అసలు తేడా వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 48 గంటలు రోడ్డు మీద గడపడానికి మీరు సిద్ధమేనా? మీ అంకెలు వేరుగా ఉంటాయి, శివారు ఇల్లే లాభమనీ తేలవచ్చు. వేసి చూస్తేనే తెలుస్తుంది.

9. ఒక్కో ఏరియాకు మూడుసార్లు వెళ్లండి

పనిదినం పొద్దున ఎనిమిదిన్నరకు ఒకసారి. అప్పుడు ట్రాఫిక్, బడి బస్సులు కనిపిస్తాయి. రాత్రి తొమ్మిదికి ఒకసారి. వీధి దీపాలు, మనుషుల సందడి, ఫంక్షన్ హాలు మైకుల మోత తెలుస్తాయి. వాన పడ్డ రోజు ఒకసారి. దూరం నుంచి అన్నిసార్లు రాలేకపోతే, ఆ కాలనీలో లేదా దగ్గర్లో ఓ గది తీసుకుని రెండు రోజులు ఉండండి. రెండేళ్ల అద్దెతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటిది?

ఎక్కువమంది చేసే పొరపాట్లు

వీడియో కాల్‌లో ఇల్లు చూసి అడ్వాన్సు పంపేయడం. కెమెరా హాలు చూపిస్తుంది, ఇంటి వెనక మురుగు నాలా వాసన చూపించదు.

"రాబోయే" వాటిని నమ్ముకోవడం. "ఇంకో రెండేళ్లలో మెట్రో వస్తుంది సార్" అని బ్రోకర్ అంటే, ఇప్పుడు లేదని మాత్రమే అర్థం చేసుకోండి. మొదటి దశ ప్రణాళికలోనే ఉన్న ఎంజీబీఎస్–ఫలక్‌నుమా మార్గం, మిగతావన్నీ 2020 నాటికి నడుస్తున్నా, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మొదలు కాలేదు. ఉన్నవాటిని బట్టి ఇల్లు తీసుకోండి. రాబోయేవి వచ్చినప్పుడు సంతోషించండి.

బంధువుల పక్కనే ఉండాలనే పట్టుదల. కొత్త ఊళ్లో తోడు అవసరమే, కాదనను. అయితే వాళ్ల ఇంటికి మీరు ఆదివారం వెళ్తారు. బడికి, ఆఫీసుకు ఆరు రోజులు వెళ్తారు.

వచ్చిన ఏడాదే కొనేయడం. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని ముందు అద్దెకుండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వండి. అప్పటికి నగరం మీకు తెలుస్తుంది. ఏ ధర న్యాయమైనదో, ఏ మాట నమ్మదగినదో మీకే అర్థమవుతుంది.

అన్నీ ఉన్న ఏరియా కోసం ఎదురుచూస్తూ ఉండిపోవడం. అలాంటిది ఏ నగరంలోనూ లేదు. మొదటి అడుగులో గీతలు గీసిన అవసరాల్లో ఎక్కువ తీర్చేదే మీకు మంచి ఏరియా.

ఈ వారంలో చేయాల్సినవి

ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఆ కాగితం నింపండి. రేపు రెండు బళ్లకు ఫోన్ చేసి సీట్ల సంగతి కనుక్కోండి. ఎల్లుండి మ్యాపు ముందు పెట్టుకుని, బడికి అరగంటలో, ఆఫీసుకు గంటలో చేరగలిగే మూడు ఏరియాలు రాసుకోండి. అంతకు మించి వద్దు. ఆ మూడింటికీ వెళ్లే తేదీలు వేసుకుని టికెట్లు బుక్ చేయండి. ఒక టికెట్ మీ అమ్మగారి పేరు మీద తీయండి.

ఇల్లు నచ్చకపోతే మార్చుకోవచ్చు. పిల్లల బడి, పెద్దవాళ్ల డాక్టరు, ఇరుగుపొరుగు ఒకసారి కుదిరాక ఏరియా మార్చడం కష్టం. అందుకే ఎంత ఓపికైనా ఇప్పుడే పట్టండి. నాలుగు వారాలు ఆలస్యమైనా పరవాలేదు. ఈలోగా ఒకరు ముందు వెళ్లి ఉద్యోగంలో చేరి, హాస్టల్లోనో బంధువులింట్లోనో ఉండి, మిగతావాళ్లు నెమ్మదిగా రావచ్చు. తొందరలో తీసుకున్న ఏరియాతో సర్దుకుపోవడం కన్నా ఆ నెల రోజుల ఎడబాటు చాలా తేలిక.